సభ కొలువుదీరిన చోట్లు



కిందటి నెలలో పెదవేగి వెళ్ళివచ్చాను. ఏలూరికి ఉత్తరంగా అరగంట ప్రయాణం. అక్కడి దిబ్బల మీద నిలబడినప్పుడు నాకెప్పుడూ ఒకటే ఆలోచన వస్తుంది. శాలంకాయనులు ఏలినదీ, ఆ తరువాత 7వ శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య రాజ్యానికి పునాది వేసినదీ ఈ వేంగీ మండలంలోనే గదా! ఆ రాజుల కొలువుకూటం ఏ దిబ్బ కింద ఉన్నదో! ఈ ముచ్చట ఒక బ్లాగ్మిత్రుడితో చెబితే ఆయన నవ్వి, "రాజుల కొలువుకూటం సంగతి అలా ఉంచండి మాస్టారూ, మన ప్రజల కొలువుకూటం మొట్టమొదట ఎక్కడుండేదో ఎంతమందికి తెలుసు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా వ్రాస్తున్న టపా ఇది. కొంచెం దీర్ఘమైనది. ఓపికతో చదవగలరు.

కొత్తగా పుట్టిన దేశానికి గాని, రాష్ట్రానికి గాని మొదటిరోజుల్లో సొంత సభాభవనం ఉండదు. పుట్టిన బిడ్డకు పాత చీర చింపి పొత్తిగుడ్డ చేసినట్లు, ఎవరిదో ఒక పాత కట్టడంలో సభ మొదలవుతుంది. అమెరికావారి కాంగ్రెసు స్వాతంత్ర్య సమరకాలంలో ఫిలడెల్ఫియా విడిచి బాల్టిమోరు, లాంకాస్టరు, యార్కు అంటూ ఊళ్ళు పట్టుకొని తిరిగింది. 1789లో కొత్త రాజ్యాంగం కింద న్యూయార్కులో కూర్చొని, మరుసటి ఏడు ఫిలడెల్ఫియాకు తరలి, 1800లో గాని వాషింగ్టను చేరలేదు. ఐర్లండువారి తొలి సభ 1919 జనవరి 21న డబ్లిను నగరాధ్యక్షుని నివాసగృహంలో సమావేశమయింది. ఆస్ట్రేలియావారు 1901 నుంచి 1927 దాకా మెల్‌బోర్నులో విక్టోరియా రాష్ట్రంవారి సభాభవనాన్నే వాడుకొన్నారు. మన భారతదేశానికి మాత్రం ఆ ఇబ్బంది కలుగలేదు. తెల్లవారు 1927లో ప్రారంభించిన గుండ్రని కౌన్సిల్ భవనం సిద్ధంగా ఉన్నది. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ అక్కడే కూర్చున్నది. 1950 నుంచి తాత్కాలిక పార్లమెంటు, 1952 నుంచి తొలి లోక్‌సభ కూడా అక్కడే. మా ఏలూరు నియోజకవర్గం నుంచి 1957లో మోతే వేదకుమారిగారు, 1962లో విమలాదేవిగారు వరుసగా వెళ్ళి కూర్చొన్నది ఆ గుండ్రని ఇంట్లోనే. 2023 సెప్టెంబరులో సభ పక్కనే కట్టిన కొత్త భవనానికి మారింది.

ఆంధ్రులకు మటుకు కట్టిన ఇల్లు కాళ్ళకు తగలలేదు. మన సభ ప్రయాణం చాలా పెద్దది.

మొదట మదరాసు సంగతి చెప్పాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాలవారికి 1953 దాకా సభ అంటే మదరాసే. ఆ సభకు కూడా స్థిరమైన చోటు లేకపోయింది. 1937లో ఎన్నికైన శాసనసభ ముందు విశ్వవిద్యాలయంవారి సెనేట్ హౌసులో కూర్చొన్నది. ఆ సభకు స్పీకరు మన కాకినాడ వాస్తవ్యులు బులుసు సాంబమూర్తిగారు. తరువాత కొంతకాలం, ఇప్పుడు రాజాజీ హాలు అంటున్న పాత విందుశాలలో సమావేశాలు జరిగాయి. 1946లో సెయింట్ జార్జి కోటలోకి వెళ్ళింది. 1952 ఎన్నికల్లో సభ్యుల సంఖ్య 375కి పెరిగేసరికి కోటలోని మందిరం చాలక, మౌంటు రోడ్డు పక్కన గవర్నమెంటు ఎస్టేటులో కొత్తగా ఒక మందిరం కట్టారు. ఆ ఏడు మే నెల నుంచి సభ అక్కడ. ప్రకాశం పంతులుగారు ప్రతిపక్షంలో, రాజగోపాలాచారిగారు ముఖ్యమంత్రిగా ఎదురెదురుగా కూర్చొన్నది ఆ మందిరంలోనే.

1952 అక్టోబరు 19న మదరాసులో పొట్టి శ్రీరాములుగారు నిరశన మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. నాలుగు రోజుల తరువాత నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. కాని అది మదరాసు లేని ఆంధ్రం. కొన్నాళ్ళు తాత్కాలికంగానైనా మదరాసులో తల దాచుకోనివ్వండన్న కోరిక కూడా నెరవేరలేదు. 1953 మార్చి 25న నెహ్రూగారు పార్లమెంటులో అక్టోబరు 1వ తేదీ ఖాయం చేస్తూ, రాజధాని ఎక్కడన్నది ఆంధ్ర శాసనసభ్యులే తేల్చుకోవాలన్నారు. అంటే ఇల్లు చూసుకొనేందుకు మిగిలింది ఆరు మాసాలు.

అప్పుడు అందరికీ 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గుర్తుకు వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంటి పేరు మీదుగా దానికి ఆ పేరు. అందులోని ముఖ్యమైన మాట ఇది: రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండరాదు, ఏది కావాలో ముందుగా కోరుకొనే హక్కు రాయలసీమవారిది. కృష్ణా తీరంలోనే రాజధాని ఉండాలని కోస్తాలో, ముఖ్యంగా కమ్యూనిస్టు పక్షంలో, గట్టి పట్టుదల ఉన్నది. వాదోపవాదాలు తీవ్రంగానే సాగాయి. చివరకు కర్నూలు నిలిచింది. హైకోర్టు గుంటూరుకు వచ్చి 1954 జూలై 5న మొదలయింది. కోస్తావాడినై ఉండి చెబుతున్నాను, ఆ నిర్ణయం నాకెప్పుడూ న్యాయంగానే తోచింది. పదహారేళ్ళ క్రితం ఇచ్చిన మాట అది. వీలుగా ఉన్నప్పుడు అందరూ మాట నిలబెట్టుకొంటారు. అది వీలుగా లేని రోజున నిలబెట్టుకొన్న మాట.

ఇక్కడ మా పెదనాన్నగారి ప్రసక్తి తేవాలి. ఆయన మదరాసులో కోటలోని ఒక కార్యాలయంలో గుమాస్తా. 1953లో ఆంధ్ర ఉద్యోగుల జాబితాలో పేరు పడి కర్నూలు వెళ్ళారు. పదవీ విరమణ తరువాత ఏలూరులో మా ఇంటి అరుగు మీద పడక కుర్చీలో కూర్చొని ఆ మూడేళ్ళ ముచ్చట్లు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను పుట్టింది ఆ తరువాత. కనుక కర్నూలు సభను గురించి నాకున్న మమకారమంతా ఆయన చెవిలో వేసినదే.

అక్టోబరు 1న నెహ్రూగారు కర్నూలులో రాష్ట్రాన్ని ప్రారంభించారు. త్రివేదీగారు గవర్నరు, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. పంతులుగారికి అప్పటికి 81 ఏళ్ళు నిండాయి. రాజధాని అన్నారే గాని ఊళ్ళో ఇళ్ళేవీ? కార్యాలయాల నిమిత్తం ఉన్న కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఉద్యోగుల బసలకు వరుసలు వరుసలుగా క్యాంపులు వెలిశాయి. "పొద్దున్నే తుంగభద్రలో స్నానం, గుడారంలో ఉద్యోగం, రాత్రి మరొక గుడారంలో నిద్ర. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళురా, మాది మూడేళ్ళు," అనేవారు పెదనాన్నగారు. గాలి వీస్తే ఫైళ్ళలోని కాగితాలు ఎగిరిపోయేవట. అందుకని ఒక ఆదివారం నాడు గుమాస్తాలందరూ ఏటి ఒడ్డుకు వెళ్ళి నున్నని గులకరాళ్ళు ఏరి తెచ్చుకొన్నారట. వాటిలో ఒకటి ఆయన చనిపోయేదాకా ఆయన వ్రాతబల్ల మీద ఉండేది. ఇప్పుడది నా దగ్గర ఉన్నది. ఈ టపా వ్రాసుకొన్న చిత్తుప్రతి మీద బరువుగా పెట్టింది దాన్నే.

ప్రయాణం మరొక ప్రహసనం. ఏలూరులో రాత్రి మదరాసు మెయిలెక్కితే తెల్లవారేసరికి సెంట్రల్‌లో దిగేవారు. అదే కర్నూలు వెళ్ళాలంటే బెజవాడలో దిగి, మీటరు గేజి బండి పట్టుకొని, గుంటూరు, నంద్యాల మీదుగా నల్లమల దాటి డోన్ చేరి, అక్కడ మళ్ళీ సికిందరాబాదు వైపు వెళ్ళే బండి ఎక్కాలి. కొల్లేటి లంకలో ఉన్న రైతుకు రాజధానిలో పని పడితే ముందు పడవ, తరువాత ఒంటెద్దు బండి, ఆ తరువాత మూడు రైళ్ళు. "మన రాజధాని మనకు వచ్చింది గాని, దారి మాత్రం పరాయిదేశానికి పోయినట్లుంది," అని మా ఊరివారు అనుకొనేవారట.

ఈ హడావుడి నడుమ 1953 నవంబరు 23న ఆంధ్ర శాసనసభ స్పీకరును ఎన్నుకొన్నది. నల్లపాటి వెంకట్రామయ్యగారు తొలి స్పీకరు. సభ్యులు 140 మంది. వీరంతా ఏడాదిన్నర క్రితం మదరాసు శాసనసభకు ఎన్నికైనవారే. రాష్ట్రం చీలినప్పుడు కొత్త ఎన్నిక లేకుండానే సభ కూడా చీలి, ఆంధ్ర భాగం కర్నూలుకు తరలింది. పెద్దల సభ లేదు. అది హైదరాబాదులో 1958లో గాని రాలేదు. కర్నూలులో శాసనసభ జరిగిన భవనం, ఇప్పుడు జిల్లా న్యాయస్థానం ఉన్నదేనని ఆ ఊరివారు చూపిస్తారు.

ఆ సభ ఆయుష్షు మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో అది చేసిన పనులన్నీ ఒక ఎత్తు, 1954 నవంబరు 6వ తేదీ ఒక ఎత్తు.

నేపథ్యం రెండు మాటల్లో చెబుతాను. ఉమ్మడి మదరాసు రాష్ట్రంలో 1948 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. ఆంధ్రరాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. కోస్తాలో తాడి, ఈత చెట్ల మీద బతికే గీత కార్మికుల కుటుంబాలకు ఆ చట్టంతో జీవనోపాధి పోయింది. గౌతు లచ్చన్నగారు వారి పక్షాన సత్యాగ్రహం నడిపారు. ప్రభుత్వం వేసిన రామమూర్తి సంఘం నిషేధం విఫలమైందనీ, దాన్ని ఎత్తివేయడమే మంచిదనీ చెప్పింది. పంతులుగారు ఆ సిఫారసును అంగీకరించలేదు. దానితో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఓట్లు లెక్కిస్తే తీర్మానానికి అనుకూలంగా 69, ప్రతికూలంగా 68. ఒక్క ఓటు! ఆంధ్రుల తొలి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది.

పెదనాన్నగారు ఈ ఘట్టం చెప్పేటప్పుడు కంఠం మారిపోయేది. ఆయన ప్రకాశం భక్తులు. "తుపాకికి గుండె చూపిన మనిషిని గులకరాయంత ఓటు పడగొట్టింది," అనేవారు. ఆ సాయంత్రం గుడారాల్లో ఎవరూ దీపం పెట్టలేదనీ, పొయ్యి వెలిగించలేదనీ చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నతనంలో నాకు కూడా కళ్ళు చెమర్చేవి. ఆ ఒక్క ఓటు వేసినవాడెవడో నా దృష్టిలో కౌరవ పక్షంవాడే.

అయితే కథకు రెండోవైపు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఊరి చెరువుగట్టు మీద తాళ్ళు గీసే కుటుంబాలు పది ఉండేవి. వారిలో ఒక వృద్ధుడు, అందరూ తాత అని పిలిచేవారు, మా అరుగు ముందునుంచి పోతూ ఒకనాడు పెదనాన్నగారి మాటలు విని ఆగాడు. నేను అప్పుడు హైస్కూలు చదువులో ఉన్నాను.

"ఆయ్, ఆరోజు మాకూ గుర్తేనండి బాబూ," అన్నాడు. "ప్రకాశంగారు దేవుడేనండి, కాదంటానికి మేమెవరం? కానండి, ఆ చట్టం కింద మా అయ్య రెండుసార్లు జైలుకెళ్ళాడండి. రెండోసారి వచ్చాక మరి లేవలేదు. ఆరోజు సర్కారు పడిపోయిందని తెలిసినప్పుడు మా అమ్మ ఏడ్చిందండి. సంతోషమో దుఃఖమో నాకు తెలవదండి. మా గురించి కూడా ఒకళ్ళు చెయ్యెత్తారన్నమాట అనుకుందండి."

పెదనాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "కూర్చో" అన్నారు. అరుగు మీద ఆయన పక్కన తాత కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ తరువాత పెదనాన్నగారు కర్నూలు కథ చెప్పడం మానలేదు గాని, "గులకరాయంత ఓటు" అన్న మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

చరిత్ర నిజాయితీగా చెప్పుకోవాలంటే ఇంకొక మాట కూడా చేర్చాలి. సర్కారు పడింది గాని మద్యనిషేధం వెంటనే పోలేదు. తాత కుటుంబానికి ఆ ఓటు వల్ల ఆ ఏడు ఒరిగిందేమీ లేదు. 1955 ఫిబ్రవరిలో 196 స్థానాలకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు, దాని మిత్రపక్షాలు కలిసి 146 గెలిచాయి. గెలిచి తీరుతామనుకొన్న కమ్యూనిస్టులకు వచ్చినవి 15. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. రొక్కం లక్ష్మీనరసింహ దొరగారు స్పీకరు. ఆ సభ కర్నూలులో మరొక ఏడాదిన్నర నడిచింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. గుడారాలు ఎత్తారు. పెదనాన్నగారు మళ్ళీ పెట్టె సర్దుకొని హైదరాబాదు వెళ్ళారు. అక్కడ కథ వేరు. పబ్లిక్ గార్డెన్సులో తెల్లని గుమ్మటాలతో ఒక మేడ సిద్ధంగా ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదినానికి గుర్తుగా నగరవాసులు తలపెట్టిన టౌన్ హాలు అది. 1905లో మొదలై 1913లో పూర్తయింది. 1952లో ఎన్నికైన హైదరాబాదు రాష్ట్ర శాసనసభ, బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగా, అప్పటికే అందులో నడుస్తున్నది. ఆ ఇంట్లోకే మనవారు వెళ్ళారు. 1956 డిసెంబరు 4న విజయవాడవారు అయ్యదేవర కాళేశ్వరరావుగారు స్పీకరుగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. "గుడారంలోంచి గుమ్మటం కిందికి వచ్చాం. మొదటి వారం పైకి చూసి చూసి మెడలు నొప్పిపుట్టాయి," అనేవారు పెదనాన్నగారు.

అరవై ఏళ్ళు ఆ గుమ్మటం కింద గడిచాయి. నేను ఉపాధ్యాయుణ్ణయిన తరువాత పిల్లలకు సభాపర్వం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఒక సంగతి గుర్తు చేసేవాణ్ణి. ఆ పర్వాన్ని తెనిగించిన నన్నయగారు వేంగీ చాళుక్యుడైన రాజరాజనరేంద్రుని కొలువులోనివాడు. అంటే మన మండలపు రాజసభలోనే మయసభ తెలుగు తొడిగింది. మయుడు కట్టిన సభలో నేల నీరుగా, నీరు నేలగా కనబడుతుంది. దుర్యోధనుడు భ్రమపడి అవమానం పాలవుతాడు. అక్కడ మొదలైన పగ కురుక్షేత్రం దాకా పోతుంది.

2006లో అనుకుంటాను, కొల్లేటి లంకల నుంచి పిల్లలు వచ్చే ఒక పాఠశాలలో పని చేస్తున్నాను. అది ఆపరేషన్ కొల్లేరు నడుస్తున్న ఏడు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 5వ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ఆ ఏడు పగలగొట్టారు. పెద్దల చెరువులతోపాటు సొసైటీలుగా ఏర్పడి బతికే లంకవాసుల చెరువులూ పోయాయి. సరస్సు బతకాలన్నదీ నిజమే, మనిషి బతకాలన్నదీ నిజమే. తరగతిలో సగం బల్లలు ఖాళీ. మయసభ పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచాడు.

"మేస్టారండీ, మన సభ ఎక్కడుందండీ?"

"హైదరాబాదులో నాయనా."

"అక్కణ్ణుంచి చూస్తే మా ఊరు నీళ్ళలాగా కనపడద్దాండీ, నేలలాగానాండీ?"

తరగతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. సమాధానమూ చెప్పలేకపోయాను. వ్యాకరణం, ఛందస్సు, అలంకారాలు చదువుకొన్న పండితుడికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. రెండేళ్ళ తరువాత, 2008లో, అభయారణ్యం హద్దును 5వ కాంటూరు నుంచి 3కు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అన్ని పక్షాలూ చేతులెత్తాయి. అయినా ఆ తరువాత ఏళ్ళు గడిచినా హద్దు 5 దగ్గరే ఉన్నది. పక్షుల సంగతి, నీటి సంగతి, 2002లో రాంసర్ జాబితాలో చేరిన సరస్సు పట్ల మన బాధ్యత సంగతి తేలికగా కొట్టివేసేవి కావు. తీర్మానం తప్పా ఒప్పా అని నేనిక్కడ తేల్చబోను. 1954లో తాత తల్లి అనుకొన్న మాట మాత్రం నాకు ఆ రోజు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఫలితం లేని చెయ్యెత్తడానికీ ఒక విలువ ఉన్నది. కాని అదే విలువతో ఒక ఇంటి పొయ్యి వెలగదు.

2014 జూన్ 2న రాష్ట్రం మళ్ళీ రెండయింది. హైదరాబాదు గుమ్మటాల ప్రాంగణంలోనే రెండు సభలు కొంతకాలం పక్కపక్కన నడిచాయి. తరువాత కృష్ణ ఒడ్డున వెలగపూడిలో తాత్కాలిక భవనం కట్టి 2017 మార్చి 6 నుంచి మన సభ అక్కడ మొదలుపెట్టారు. మళ్ళీ తాత్కాలికం! 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు శాసనసభలో నెగ్గింది, అందులో కర్నూలుకు న్యాయ రాజధాని. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకొన్నారు. ఈ రాకపోకలలో ఏ పక్షాన్నీ వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 1937 నాటి శ్రీబాగ్ కాగితం ఇంకా మాట్లాడుతూనే ఉన్నదని మాత్రం గమనించాను. నెరవేర్చి మూడేళ్ళకే తిరగదీసిన మాట అది. అందువల్లనే దాని నొప్పి అంత త్వరగా పోదు.

పదవీ విరమణ తరువాత ఒకసారి పనిగట్టుకొని కర్నూలు వెళ్ళాను. గుడారాలు ఉంటాయనుకొని కాదు. బస్టాండులో దిగి ఆటో ఎక్కితే, ఆటోవాడు "ఏ క్యాంపా సార్, బీ క్యాంపా, సీ క్యాంపా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు జలదరించింది. పెదనాన్నగారి నోట విన్న క్యాంపులు! గుడారాలు పోయి డెబ్బయి ఏళ్ళవుతున్నా పేర్లు ఊరిని విడిచిపోలేదు. ఇళ్ళు, అంగళ్ళు, కూరగాయల బజారు, బడి పిల్లలు. ఆ పేరు ఎందుకు వచ్చిందని ఒక కుర్రవాణ్ణి అడిగితే, "ఏమో సార్, మిలట్రీవాళ్ళు ఉండేవాళ్ళేమో," అన్నాడు. న్యాయస్థానం దగ్గరకు వెళ్ళాను. నల్లకోట్ల వకీళ్ళు, చెట్టు కింద కక్షిదారులు, చేతిలో సంచులు, ముఖాల్లో ఎదురుచూపు. లోపలికి పోయే పని నాకు లేదు గనుక బయటే కాసేపు నిలబడ్డాను. 69, 68 అని మనస్సులో అనుకొన్నాను. ఒక వృద్ధురాలు నన్ను కూడా వాయిదాకు వచ్చినవాణ్ణనుకొని, "నీ కేసు ఎప్పుడు నాయనా?" అని అడిగింది. "అయిపోయిందమ్మా," అన్నాను.

తిరిగివస్తూ రైల్లో ఆలోచించాను. మయసభ వంటి సభ కట్టించుకొన్న ధర్మరాజు చివరకు ఓడిపోయింది మరొకరు కట్టించిన జూదపు సభలో. అక్కడ గోడలకు లోటు లేదు. భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు. లోటల్లా ఏమిటంటే, ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభ జవాబు చెప్పలేదు. వికర్ణుడొక్కడే లేచాడు. ఒక్కడి మాట నెగ్గలేదు గాని, ఆ సభ గురించి చెప్పుకొన్నంత కాలం వికర్ణుడి పేరూ చెప్పుకొంటాం. కర్నూలు సభకు గుమ్మటం లేదు. దాని ఉద్యోగులకు పైకప్పు కూడా గుడ్డదే. అయినా 81 ఏళ్ళు దాటిన మహానాయకుణ్ణి ముఖ్యమంత్రి పీఠం నుంచి దించడానికి ఒక్క ఓటు చాలునని చెప్పి, ఆ మాటను అందరిచేతా ఒప్పించిన సభ అది. పంతులుగారూ ఆ లెక్కకు తలవంచారు. నా చిన్ననాటి కోపం ఆ రైల్లో పూర్తిగా పోయింది. పెదనాన్నగారూ ఒప్పు, తాతా ఒప్పు. ఇద్దరికీ ఒకే అరుగు మీద చోటు ఉండటమే సభ అంటే.

మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు మాత్రం నేను ఇప్పటికీ బాకీ. వాడిప్పుడు ఆకివీడు దగ్గర చేపల వ్యాపారంలో ఉన్నాడని విన్నాను. వెలగపూడి మా ఏలూరికి హైదరాబాదంత దూరం కాదు, బస్సులో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. దూరం తగ్గినందువల్ల లంకలు నేలగా కనబడుతున్నాయో, నీళ్ళుగానే కనబడుతున్నాయో, వాడు ఎదురుపడితే వాణ్ణే అడగాలని ఉన్నది.

మిత్రులలో ఎవరి ఇంటనైనా 1953 నుంచి 1956 వరకు కర్నూలు క్యాంపుల్లో బతికిన పెద్దల ఉత్తరాలు గాని, పద్దు పుస్తకాలు గాని, ఒక్క ఛాయాచిత్రం గాని ఉంటే దయచేసి పారవేయవద్దు. నాలుగు మాటలు వ్రాసి ఎక్కడైనా భద్రపరచండి. వేంగీ రాజుల కొలువుకూటం కోసం దిబ్బలు తవ్వుకొంటున్నాం. మన కళ్ళ ముందరి కొలువుకూటం ఆనవాళ్ళు దిబ్బ కిందికి పోకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉన్నది.

సెలవు.